పద్నాలుగో అంశం

నా కేసుకి లాయరు నేనే.
జీలాంగ్ లైబ్రరీలో
పేజీకి ఇరవై సెంట్లు పెట్టి
నా పెళ్లిని ప్రింటు తీసుకున్నాను.
'విడిపోయిన తేదీ' అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
ఏ తేదీ వేయను?
ఫ్రిజ్‌లో పై అర అతనిది, కింద అర నాది అనుకున్న రోజా,
అంతకు రెండేళ్ల ముందు
నా మూలుగు టీవీ చప్పుడులో కలిసిపోయిన రోజా?

ఒక లాయరమ్మని కలిశాను, నిజమే.
మొదటి ఆరు నిమిషాలకి ఒక ధర,
రెండో ఆరు నిమిషాలకీ అదే ధర.
నేను ఏడ్చింది పన్నెండు నిమిషాలు.
కన్నీళ్లకి రసీదు ఇచ్చారు, జీఎస్టీతో సహా.
బయటికొచ్చి బస్టాపులో లెక్కేస్తే
ధాత్రి ఈత క్లాసులు ఒక టర్ము మొత్తం
ఆ ముక్కు చీదడంలోనే పోయాయి.

మా పెదనాన్న గట్టు తగాదా
పంతొమ్మిదేళ్లు కోర్టులో నడిచింది.
గెలిచిన నాటికి గట్టెక్కడుందో చూసుకోవడానికి
ఆయనకి చూపు లేదు.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకని అందరూ చెప్పారు.
ఆయన దగ్గర గొడ్డలే ఉంది మరి.

అందుకే మూరబూల్ వీధిలో
మంగలి షాపు మీద ఈ రెండు గదులు.
ఒకదాంట్లో నేను. ఒకదాంట్లో మురారి.
మధ్య తొమ్మిదడుగుల వరండా,
అందులో అటూ ఇటూ గ్లెనిస్.
అరవై దాటిన మనిషి, కుడి మోకాలు సరిగ్గా వంగదు.
నా మాట పట్టుకెళ్తుంది, అతని మాట పట్టుకొస్తుంది.
దారిలో ఎక్కడో ముల్లు తీసేస్తుంది,
పిల్లకి చేపముక్క పెట్టేముందు తీసినట్టు.
"ఇంతేనా అన్నాడు?" అంటాను.
"పని జరగడానికి ఇది చాలు" అంటుంది.

గోడ పల్చన. అతని దగ్గు వినిపిస్తూనే ఉంది.
ఇన్‌హేలరు కారులో మర్చిపోయుంటాడు.
అది ఇప్పుడు నా పని కాదని
నాకు నేనే అభ్యంతరం చెప్పుకున్నాను.

రాత్రిళ్లు ఫ్రిజ్ ముందు నిలబడి
జడ్జిగారి కోసం నూరి దాచుకున్న వాక్యాలున్నాయి నా దగ్గర.
ఒక్కటీ అడగలేదు గ్లెనిస్.
అడిగిందల్లా
బుధవారం బడి నుంచి ఎవరు తీసుకొస్తారు,
కళ్లజోడు విరిగితే ఎవరు కొంటారు,
జ్వరమొస్తే రెండో ఇంటికి ఎన్ని గంటల్లో ఫోను.
తప్పు ఎవరిది అన్న గడి ఆ కాగితంలో లేదు.
వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఇల్లు గంటలో తెగింది. కారు పది నిమిషాల్లో.
గ్రైండరు దగ్గర అంతా నిలిచిపోయింది.
కోయంబత్తూరు రాయి, రెండు లీటర్లది,
సూట్‌కేసులోంచి నా చీరలు తీసేసి తెచ్చుకున్నది.
"అది నాది" అని ఈ గది.
"డబ్బులిచ్చింది నేను" అని ఆ గది.
గ్లెనిస్ ఐదుసార్లు నడిచింది.
ఆరోసారి గుమ్మంలో మోకాలు పట్టుకుని
"అసలది ఏం చేస్తుంది?" అంది.

చెప్పాను.
మినప్పప్పు, నానడం, రుబ్బడం,
ఈ ఊరి ఆగస్టు చలికి పిండి పులవాలంటే
దుప్పటి కప్పి హీటరు పక్కన పడుకోబెట్టడం.
"పసిపిల్లనా?" అంది.
నేను కిటికీలోంచి పార్కింగు వైపు చూశాను.

ఏడోసారి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, చదివింది:
"గ్రైండరు తననే ఉంచుకోమనండి.
ఆదివారం పాపతో ఒక డబ్బా పిండి పంపమనండి."
ఈ మాటలోంచి మాత్రం ఆవిడ ఏమీ తీయలేదు.
ముల్లుతోనే వచ్చింది.

ఎంతసేపు ఊరుకున్నానో.
ఆ లాయరమ్మ గడియారంలో అయితే బాగానే అయ్యేది.
"డబ్బా కడిగి పంపాలి" అన్నాను.
"మూతతో సహా."

పద్నాలుగో అంశం అని రాసుకుంది.
పిండిని ఏమనాలో తెలియక
ఒక్కో అక్షరం నన్నే చెప్పమంది.
చెప్పాను, నెమ్మదిగా,
పక్కగదికి వినపడేలా.

కింద మంగలి మిషను ఆగి, మళ్లీ మొదలైంది.
ఇవాళ శుక్రవారం.
రేపు పొద్దున్నే పప్పు నానబెట్టాలి.